చలాన్ వచ్చిన సాయంత్రం మీ అబ్బాయితో ఏం మాట్లాడతారు?

(తెనాలిలో ఒక జూనియర్ కాలేజీ తల్లిదండ్రుల సమావేశంలో రిటైరైన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, కూర్చోండి.

ప్రిన్సిపాల్ గారు నన్ను రోడ్డు భద్రత గురించి మాట్లాడమన్నారు. రోడ్డు భద్రత అంటే హెల్మెట్ పెట్టుకోండి, సీటు బెల్టు పెట్టుకోండి, ఇవన్నీ మీరు వందసార్లు విన్నారు. నేను వాటి జోలికి వెళ్లను. ఒక్క సాయంత్రం గురించి మాట్లాడతాను. మీ ఫోనుకి మెసేజ్ వస్తుంది. మీ బండి నంబరు, ఓవర్ స్పీడ్, ఇంత కట్టాలి అని. ఆ టైముకి బండి మీద ఉన్నది మీరు కాదు, మీ అబ్బాయి. లేదంటే స్టేషన్ నుంచి ఫోనొస్తుంది, మీవాణ్ణి పట్టుకున్నాం, వచ్చి మాట్లాడండి అని. ఆ సాయంత్రం మీరేం చేస్తారు? అదే ఈరోజు మన విషయం.

జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు అంటారు. లైసెన్సు ఇచ్చేది మేమే. బండి దేన్నైనా గుద్దితే వెళ్లి బ్రేకు పనిచేస్తోందా లేదా అని చూసి రిపోర్టు రాసేదీ మేమే. నా ఉద్యోగమంతా ఆ రెండు పనుల మధ్యే గడిచింది. ఎక్కువ కేసుల్లో బ్రేకులు బాగానే ఉండేవి. నేను ఎన్నో రిపోర్టుల్లో రాసిన మాట ఇది: బ్రేకులు పనిచేస్తున్నాయి. మరి ప్రమాదం ఎందుకు జరిగింది? వేగం. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో పదింట ఏడు మరణాలకు కారణం అతివేగమని ఆ శాఖే చెప్పింది.

సరే, స్టేషన్‌కి వద్దాం. రోజూ చూసిన దృశ్యం కాబట్టి చెబుతున్నాను. బండి కాంపౌండులో ఉంటుంది. అబ్బాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు, బ్యాగు ఇంకా భుజానే ఉంటుంది. తండ్రి వస్తాడు. కొడుకు వైపు చూడడు. నేరుగా టేబుల్ దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట ఏమిటో తెలుసా? "సార్, ఎంతవుతుంది?" రెండో మాట, "ఒక్క నిమిషం సార్, మనవాళ్లు మాట్లాడతారు." ఫోను చేతికిస్తాడు. అవతల ఎవరో ఒకరు ఉంటారు. కార్పొరేటరో, ఎవరి బావమరిదో. "మనవాడే, చిన్నపిల్లాడు, వదిలేయండి." అరగంటలో బండి బయటికి వస్తుంది. ఇంటికెళ్లాక వాడికి రెండు దెబ్బలు పడతాయి. వాళ్లమ్మ అడ్డొస్తుంది. రాత్రికి అన్నం తింటారు. అయిపోయింది.

ఇప్పుడు మీరే చెప్పండి, ఆ గోడ దగ్గర నిలబడ్డ అబ్బాయి ఆ అరగంటలో ఏం నేర్చుకున్నాడు? వేగంగా వెళ్లకూడదనా? కాదండీ. పట్టుబడితే నాన్నకి ఫోన్లు ఉన్నాయని నేర్చుకున్నాడు. దెబ్బలంటారా, రెండు దెబ్బలు భరిస్తే రేపు పొద్దున తాళంచెవి మళ్లీ మేకుకే ఉంటుందని నేర్చుకున్నాడు. కొట్టాం కదా అని మీరు అనుకుంటారు. వాడి లెక్కలో అది శిక్ష కాదు, రశీదు. కట్టేశాడు, చెల్లిపోయింది.

నేను ఇవాళ మీకు చెప్పడానికి వచ్చింది ఇదే. మొదటిసారి పట్టుబడటం మీ అదృష్టం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ పోలేదు, కాగితం ఒక్కటే వచ్చింది. ఇంత తక్కువలో ఇంత పెద్ద అవకాశం మళ్లీ రాదు. దాన్ని ఒక ఫోన్ కాల్‌తో చెడగొట్టుకోకండి.

ఫోన్లు చేసి కాపాడుకోవడం ఎంత దూరం పోతుందో దేశమంతా చూసింది. 2024 మే 19, పుణె, కల్యాణీనగర్. పదిహేడేళ్ల అబ్బాయి నడుపుతున్న పోర్షే కారు ఒక బైకుని గుద్దింది. బైకు మీదున్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. కొన్ని గంటల్లోనే బెయిలు వచ్చింది, షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయడం. దేశం భగ్గుమంది. తర్వాత పోలీసులు ఏం కేసులు పెట్టారు? తాగాడో లేదో తేల్చడానికి తీసిన అబ్బాయి రక్తం నమూనా మార్పించారని, నేను నడిపానని చెప్పమని ఇంటి డ్రైవర్ని ఒత్తిడి చేశారని. తండ్రి అరెస్టు, తల్లి అరెస్టు, తాత అరెస్టు. తీర్పు కోర్టు చెబుతుంది, మనం చెప్పేది కాదు. కానీ ఒక పిల్లాడి చేతికి తాళం ఇచ్చినందుకు మూడు తరాల వాళ్లు స్టేషన్ మెట్లెక్కారు. అది చూశాం కదా మనం?

ఇక్కడ చాలామంది పిల్లలు ఇంటర్ చదువుతున్నారు, అంటే పదహారు, పదిహేడు. కాబట్టి చట్టం మాట కొంచెం ఓపిగ్గా వినండి. పద్దెనిమిది నిండకుండా రోడ్డు మీద బండి నడపకూడదు. పదహారేళ్లకు ఒక మినహాయింపు ఉంది, ఇంజిను 50 సీసీ దాటని బండికి. "మా అమ్మాయిది స్కూటీయే కదండీ, గేర్లు లేవు కదా" అంటారు. గేర్లతో సంబంధం లేదమ్మా. ఇప్పుడు మీ ఇళ్లలో ఉన్న స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. ఎలక్ట్రిక్ బండ్లలో మోటారు 250 వాట్లు, వేగం 25 కిలోమీటర్లు దాటని వాటికి మాత్రమే లైసెన్సు అక్కర్లేదు. దాని స్పీడు పెంచి పెట్టే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. పెంచాక అది ఆ కోవలోకి రాదు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఏ అనే సెక్షన్ పెట్టారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే దోషి ఎవరు? వాడి సంరక్షకుడు, లేదా బండి ఓనరు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడండీ" అంటే సరిపోదు, మీకు తెలియదని, లేదా తీసుకెళ్లకుండా మీ జాగ్రత్త మీరు తీసుకున్నారని మీరే నిరూపించుకోవాలి. ఇంకొకటుంది, ఇది వాడికి తగిలేది. ఆ అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు, ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ఇచ్చే లైసెన్సు, అది కూడా రాదు. ఇంజినీరింగ్ అయిపోతుంది, ఉద్యోగం వస్తుంది, బండి మాత్రం నడపలేడు. ఇది మీ అబ్బాయికి తెలుసా? ఇవాళ ఇంటికెళ్లి అడగండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెబుతాను. లైసెన్సు లేనివాడు ఎవరినైనా గుద్దితే, ఆ కుటుంబానికి పరిహారం ముందు కంపెనీ కట్టినా, తెలిసి బండి ఇచ్చిన ఓనరు దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి చూపించింది. అది వేలల్లో ఉండదండీ, లక్షల్లో ఉంటుంది. ఎకరం పొలం అమ్మి కట్టినవాళ్లున్నారు.

చట్టం ఇక్కడితో ఆపుతాను. చట్టం చూసి మీరు భయపడతారు, మీవాడు భయపడడు. పదిహేడేళ్లవాడికి "చచ్చిపోతావురా" అని చెబితే ఎక్కుతుందా? ఎక్కదు. వాడి దృష్టిలో చచ్చేది ఎప్పుడూ ఇంకొకడే. మరి ఏం చూపించాలి?

దూరం చూపించండి. ఆదివారం పొద్దున్నే వాణ్ణి తీసుకుని, ఎక్కడ పట్టుబడ్డాడో ఆ రోడ్డుకే వెళ్లండి. బండి పక్కన పెట్టి, రోడ్డు పక్క మట్టి అంచు మీద ఇద్దరూ నిలబడండి. అక్కడ ఒక రాయి పెట్టండి. ఆ రాయి దగ్గర ఉండగా ఎదురుగా ఒక గేదె వచ్చిందని వాడికి కనిపించింది అనుకోండి. కన్ను చూసి, బుర్రకి అంది, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు 40లో వెళ్లేవాడు ఆ ఒకటిన్నర సెకనులో దాదాపు 17 మీటర్లు పోతాడు, బ్రేకు పడ్డాక ఇంకో తొమ్మిది మీటర్లు. మొత్తం 26 మీటర్లు. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటేనే సుమా. వాణ్ణి 35 అడుగులు నడవమనండి, టేపుతో కొలిచే అడుగులు కాదు, కాళ్లతో వేసే అంగలు. అక్కడ రెండో రాయి పెట్టండి. 40లో వెళ్లే బండి అక్కడ ఆగిపోయింది.

ఇప్పుడు 80లో వెళ్లేవాడు. అదే ఒకటిన్నర సెకను. 33 మీటర్లు. ఇంకో పది అడుగులు నడవమనండి, మూడో రాయి పెట్టమనండి. మూడో రాయి రెండో రాయి దాటి ఉంది, చూశారా? అంటే ఏమిటి? 40వాడు పూర్తిగా ఆగిపోయిన చోటుని 80వాడు ఇంకా బ్రేకు ముట్టుకోకుండానే, 80లోనే దాటేస్తున్నాడు. ఆ గేదె రెండో రాయి దగ్గరుంటే వాడు 80లో దాన్ని గుద్దాడు. గేదె కాక బడికెళ్లే పిల్ల అయితే? మూడో రాయి నుంచి ఆగడానికి వాడికింకా 36 మీటర్లు కావాలి. నడవమనండి. దాదాపు యాభై అడుగులు. పూర్తిగా నడవనివ్వండి, మధ్యలో మీరేమీ అనకండి. వేగం రెండింతలైతే ఆగే దూరం రెండింతలు కాదు, బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలు. మీ పిల్లలు ఎంపీసీ చదువుతున్నారు, ఆ సూత్రం పరీక్షల్లో రాస్తారు. కాళ్లతో నడిచి చూడలేదు, అంతే.

ఇలా చేసిన తండ్రులు నాకు తెలుసు. కొడుకు ఏమీ మాట్లాడలేదు సార్, ఆ రాళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు అని ఒకాయన చెప్పాడు. నాకు అది చాలు.

ఇక శిక్ష. శిక్ష ఉండాలా వద్దా? ఉండాలి. ప్రేమగా మాట్లాడి వదిలేయమని నేను చెప్పను. కానీ శిక్ష తాళంచెవి మీద పడాలి. వీపు మీద కాదు, అన్నం మీద కాదు, చదువు మీద కాదు. నలుగురిలో, వాడి స్నేహితుల ముందు తిట్టకండి. పదిహేడేళ్లవాడికి అవమానం జరిగితే తప్పు మర్చిపోతాడు, అవమానమే గుర్తుంచుకుంటాడు.

పద్దెనిమిది నిండనివాడికి లెక్క చాలా సులువు. తాళం లేదు. నెల కాదు, రెండు నెలలు కాదు, లైసెన్సు వచ్చేదాకా లేదు. ఇక్కడ అమ్మలూ నాన్నలూ ఒకసారి ఆలోచించండి. వాడు బండి మొదటిసారి ఎందుకు తీశాడు? పెరుగు ప్యాకెట్ తెమ్మని మీరే పంపారు. చెల్లెల్ని ట్యూషన్లో దింపి రమ్మని మీరే పంపారు. అవునా కాదా? మనకి పని జరుగుతుంది కాబట్టి ఇచ్చాం. ఇప్పుడు తీసేసుకుంటే ఆ పని ఎవరు చేయాలి? మీరే. పొద్దున్నే అయిదు గంటలకి లేచి ట్యూషన్లో దింపాల్సింది మీరే, సాయంత్రం షాపు వదిలి వెళ్లి తీసుకురావాల్సింది మీరే. ఈ శిక్షలో సగం బరువు మీ మీదే పడుతుంది. మోయడానికి సిద్ధమైతేనే నోరు తెరవండి. నెల రోజులు బండి ముట్టుకోకు అని చెప్పి, నాలుగో రోజు ఆయిల్ ప్యాకెట్ కోసం తాళం ఇచ్చారనుకోండి, అసలు శిక్ష వేయకపోవడమే నయం. మీ మాటకి నాలుగు రోజుల విలువ ఉందని వాడికి తెలిసిపోయింది.

రెండో తాళంచెవి ఎక్కడుంది? బీరువాలో ఉంటే తీసి మీ జేబులో పెట్టుకోండి. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ ఉంటే వాళ్లతో ముందే మాట్లాడండి. "పాపం రా, ఎండలో నడుస్తున్నాడు" అని తాళం ఇచ్చేది వాళ్లే. ప్రేమతోనే ఇస్తారు. వాళ్లని కోప్పడకండి, కూర్చోబెట్టి చెప్పండి. అమ్మ ఒక మాట, నాన్న ఒక మాట అయితే పిల్లాడు ఆ సందులోంచే బండి తీస్తాడు.

లైసెన్సు ఉన్నవాడైతే, అంటే మీ పెద్దబ్బాయి డిగ్రీనో బీటెక్కో చదువుతున్నాడనుకోండి, అక్కడ వేరు. చట్టం కూడా వేరుగానే చూస్తుంది. చిన్న వాహనాలకి అతివేగానికి చట్టంలో ఉన్న జరిమానా 1,000 నుంచి 2,000, రెండోసారికి లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. వాడికి కొన్ని వారాలు తాళం ఆపండి. ఎన్ని వారాలో ముందే చెప్పండి, కోపంలో చెప్పకండి, రేపు పొద్దున చెప్పండి. జరిమానా వాడి డబ్బుతోనే కట్టించండి. డబ్బు లేదంటే ఎక్కడైనా సెలవుల్లో పని చేసి కడతాడు, మీరు ముందు కట్టి వాడి దగ్గర నెలనెలా తీసుకోండి. మర్చిపోకండి, మర్చిపోయినట్టు నటించకండి.

ఆ తర్వాత బండి తిరిగి ఇవ్వండి. కానీ ఒక్కసారిగా ఇవ్వకండి. మీలో కొందరి బంధువులు అమెరికాలో ఉంటారు, వాళ్లని అడగండి. అక్కడ పదహారేళ్లవాడికి లైసెన్సు ఇచ్చినా చాలా రాష్ట్రాల్లో రాత్రి ఫలానా టైము దాటాక నడపకూడదు, స్నేహితుల్ని ఇంతమందికి మించి ఎక్కించుకోకూడదు. న్యూజీలాండ్‌లో ఇలాంటి పద్ధతి 1987లోనే పెట్టారు. ఎందుకు? కుర్రాడు ఒక్కడే ఉన్నప్పుడు నడిపే తీరు వేరు, వెనక ఇద్దరు ఎక్కితే నడిపే తీరు వేరు. అది ప్రపంచమంతా తేలిన విషయం. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఇంట్లో మీరు పెట్టుకోవచ్చుగా? ముందు పగలు మాత్రమే, ఒక్కడే, కాలేజీకి, ఇంటికి. కొన్నాళ్లు సరిగ్గా నడిచాక సాయంత్రాలు. చివరికి వెనక ఒకళ్లు. త్రిబుల్స్ ఎప్పటికీ లేదు.

పట్టుబడినప్పుడు వెనక ఎవరున్నారని అడగండి. ఫోను తీసి మీటరు వీడియో తీస్తున్నారా అని అడగండి. నిలదీసినట్టు కాదు, తెలుసుకోవాలని అడగండి. ఒక్కోసారి జవాబు వేరే ఉంటుంది. ట్యూషన్‌కి ఆలస్యమైతే బయట నిలబెడతారని పరిగెత్తినవాళ్లున్నారు. అలాంటప్పుడు పావుగంట ముందు లేపండి. శిక్ష మాత్రం తగ్గించకండి.

ఒక పని ఇవాళే చేయండి. ఇంటికెళ్లగానే బండి వెనక్కి వెళ్లి నంబరు ప్లేటు చూడండి. పైకి వంచి ఉందా? ఒక అంకె మీద స్టిక్కరో, టేపు ముక్కో ఉందా? సైలెన్సరు మారిందా? ఒకరోజు సరదాగా వేగంగా వెళ్లినవాడు ఒక రకం. కెమెరాకి దొరక్కుండా నంబరు దాచుకున్నవాడు ఇంకో రకం. వాడికి తను చేసేది తప్పని తెలుసు, దొరక్కూడదని ఏర్పాటు చేసుకున్నాడు. ఈ రెండోవాడి దగ్గర మెత్తబడకండి. లైసెన్సు ఉన్నా సరే, బండి అమ్మేయాల్సి వస్తే అమ్మేయండి. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

"ఇంటర్లో 950 దాటితే బుల్లెట్ కొనిస్తా" అని మాట ఇచ్చినవాళ్లు ఈ హాల్లో ఉండే ఉంటారు. చేతులెత్తమని అడగను. మార్కులు వచ్చినంత మాత్రాన బండి నడపడం వస్తుందా? చదువులో ముందున్నవాడు రోడ్డు మీద నిదానంగా ఉంటాడని ఎవరు చెప్పారు? ఇంకేదైనా కొనివ్వండి. లాప్‌టాప్ కొనివ్వండి. బండికీ మార్కులకీ ముడి పెట్టకండి.

నాన్నలకి ఒక్క మాట. మీ పేరు మీద పాత చలాన్లు ఎన్ని ఉన్నాయి? వాడికి తెలుసు, వాడి ఫోన్లోనే చూసి ఉంటాడు. వాడిది కట్టే రోజే మీవీ కట్టేయండి, వాడు చూస్తుండగా. హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని, హైవే మీద చుట్టూ తిరిగి రావడం ఎందుకని రాంగ్ రూట్లో వచ్చేవాడు వేగం గురించి చెబితే ఏ కొడుకు వింటాడు?

మరి ఆ సాయంత్రం మెసేజ్ వస్తే ముందు ఫోటో తెరవండి. స్పీడ్ గన్ తీసిన ఫోటోలో తేదీ, టైము, చోటు, వేగం అన్నీ ఉంటాయి. టీవీ ఆపేసి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. "ఇది నువ్వేనా?" అని అడగండి. వాడు చెప్పేది పూర్తిగా వినండి. మైనరు అయితే తాళం అక్కడే తీసుకోండి, లైసెన్సు ఉన్నవాడైతే రేపు పొద్దున ఎన్నాళ్లో చెబుతానని చెప్పండి. ఎవరికీ ఫోన్ చేయకండి. ముఖ్యంగా ఎవరికీ ఫోన్ చేయకండి.

పద్దెనిమిది నిండగానే ఎల్ఎల్ఆర్ తీయించండి, నెల రోజులు తిరిగాక టెస్టుకి పంపండి. ఏజెంటుకి డబ్బిచ్చి టెస్టు లేకుండా చేయించకండి. ఆ నెలంతా వెనక సీట్లో మీరు కూర్చోండి. వాడికి ఇబ్బందిగా ఉంటుంది, ఫరవాలేదు, కూర్చోండి.

నేను చెప్పదలచింది చెప్పాను. మూడో వరసలో అమ్మ ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తి ఉంచారు. మైకు అక్కడికి ఇవ్వండి బాబూ. అడగండమ్మా.